పహచాన్ కూడా తాలీమే



టెన్త్, ఇంటర్ రిజల్టులు వచ్చిన నెల రోజుల్లోపు గుంటూరులో మనోళ్ల షాదీఖానాలకు ఇంకో సీజన్ మొదలవుతుంది. నిఖాల సీజన్ కాదు, సన్మానాల సీజన్. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కడతారు. దాని మీద పాతిక ముప్పై మొహాలుంటాయి. మార్కులు తెచ్చుకున్న పిల్లల మొహం మాత్రం ఒక్కటీ ఉండదు. తిలావత్‌తో జల్సా మొదలవుతుంది. డాక్టర్ సాబ్, వకీల్ సాబ్, రిటైరైన ఇంజనీర్ సాబ్, బ్యాంకు మేనేజర్ సాబ్, మాజీ కార్పొరేటర్ సాబ్ వరసగా మైకు పట్టుకుని ఇల్మ్ ఎంత గొప్పదో చెబుతారు. పదకొండింటికి మొదలైన తఖ్రీర్లు జొహర్ దాకా సాగుతాయి. ఆఖరి పది నిమిషాల్లో నలభైమంది పిల్లల్ని పిలిచి, చేతిలో షీల్డు పెట్టి, ఫోటో తీసి దించేస్తారు. బిర్యానీ పొట్లం పుచ్చుకుని పిల్లలు ఆటో ఎక్కుతారు.

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతా. అలా షీల్డులు తీసుకున్న పిల్లలు ఏటా నా క్లాసుకొస్తారు. "ఆ రోజు స్టేజీ మీదున్న వాళ్లలో ఎవరి నంబరన్నా నీ దగ్గరుందా?" అని అడుగుతుంటా. ఉందన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. పేర్లు కూడా గుర్తుండవు. "ఒక డాక్టర్ సాబ్ ఉన్నారు సార్, తెల్ల గడ్డం..." అంటారు. అంతే.

బ్యాంకు మేనేజర్‌ని జిందగీలో దగ్గర్నుంచి చూడని పిల్లాడు, ఆ బ్యాంకు మేనేజర్ ఒకే హాల్లో మూడు గంటలు కూర్చున్నారు. ఒక్క మాట ఇచ్చిపుచ్చుకోకుండా విడిపోయారు. హాలు అద్దె, మైకు, షీల్డులు, బిర్యానీ అన్నీ కౌమ్ చందా డబ్బులే. ఆ తఖ్రీర్లు ఇరవై నిమిషాలకు కోసేసి, ఒక్కో సాబ్ పక్కన ఐదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, "వీళ్ల పేర్లు, ఏం చదవాలనుకుంటున్నారో కనుక్కోండి, బక్రీదు లోపు ఒకసారి ఫోన్ చేయండి" అంటే ఏం పోతుంది? స్టేజీ పోతుంది. దాని కోసమే కదా చాలామంది వచ్చేది.

నా దావా ఇది. మనిషిని పరిచయం చేసుకోవడం, ఆ పహచాన్ నిలబెట్టుకోవడం, అవసరమైన రోజున ఇజ్జత్ చెడకుండా దాన్ని వాడుకోవడం మన పిల్లలకు పాఠంగా నేర్పాలి. లెక్కలు నేర్పినట్టే, పీరియడ్ పెట్టి, హోంవర్క్ ఇచ్చి, తప్పులు దిద్ది నేర్పాలి. "అదే వస్తుందిలే" అనుకుంటున్నాం. కొందరి ఇళ్లల్లో అదే వస్తుంది. ఆనందపేటలో, సంగడిగుంటలో, పొన్నూరు రోడ్డు సందుల్లో అదే రాదు.

ఈ మాట అనగానే మన బుజుర్గుల నుంచి ముందుగా వచ్చే జవాబు నాకు తెలుసు. "మార్కులు తెచ్చుకోనీ బేటా, రిజ్క్ ఇచ్చేవాడు అల్లా. ఈ సిఫారసుల ధందా మనకెందుకు?" రిజ్క్ ఇచ్చేవాడు అల్లాయే, అందులో షక్ లేదు. కానీ సిఫారసునూ రిష్వత్‌నూ ఒకే గాటన కట్టేస్తున్నారు మీరు. సూరా నిసా 85వ ఆయత్ తెరిచి చూడండి. మంచి పనికి సిఫారసు చేసినవాడికి అందులో హిస్సా, చెడ్డ పనికి చేసినవాడికి ఆ భారంలో హిస్సా ఉంటుందని అక్కడే ఉంది. అంటే సిఫారసు అనే పని దానంతట అది హరామ్ కాదు. దేనికి, ఎవరి హక్కు కొట్టకుండా అన్నదే సవాల్.

ఇంకా వెనక్కి వెళ్దాం. 622లో హిజ్రత్ చేసి మక్కా నుంచి మదీనా చేరిన ముహాజిర్ల చేతిలో ఏముంది? ఇల్లు లేదు, దుకాణం లేదు. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం ఒక్కో ముహాజిర్‌ని ఒక్కో అన్సారీకి జోడీగా కట్టి ముఆఖాత్ కుదిర్చారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కి సాద్ బిన్ రబీ దొరికారు. నా మాల్‌లో సగం తీసుకో అన్నారు సాద్. అబ్దుర్రహ్మాన్ ఆయనకు బర్కత్ దువా ఇచ్చి, సగం మాల్ వద్దు, ఇక్కడి బజార్ ఎటో చూపించమన్నారు. పనీరు, నెయ్యి అమ్ముకుని లేచి నిలబడ్డారు. తర్వాత ఎంత పెద్ద తాజిర్ అయ్యారో అందరికీ తెలుసు.

మన మసీదుల్లో ఈ వాఖియా ఎన్నిసార్లు విన్నామో. సాద్ గారి సఖావత్ గురించే చెబుతారు, అది చెప్పాల్సిందే. కానీ అబ్దుర్రహ్మాన్ అడిగిన సవాల్ గురించి ఎవరూ చెప్పరు. కొత్త ఊళ్లో తెలిసిన ఒక్క మనిషిని ఆయన డబ్బు అడగలేదు, నౌకరీ అడగలేదు. దారి అడిగారు. నేను నేర్పమంటున్నది ఈ అడగడమే.

"మనకు పరిచయాలు తక్కువా? మన దావత్‌లు చూడు, మన ఖాందాన్‌లు చూడు" అంటారు ఇంకొందరు. నిజమే, మనకు పహచాన్ తక్కువ కాదు. ఆటోనగర్‌లో పదో తరగతి తప్పిన పిల్లాడికి పొద్దున మామూ ఒక్క మాట చెబితే సాయంత్రానికి మెకానిక్ షెడ్డులో పని దొరుకుతుంది. వెల్డింగ్, టింకరింగ్, టైర్ల షాపు, చికెన్ దుకాణం, కూరగాయల మార్కెట్, ఏదైనా సరే. అంత వేగంగా పని ఇప్పించే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ సర్కారు దగ్గర కూడా లేదు. కానీ ఆ దారి ఎటు పోతుంది? అబ్బా నిలబడ్డ చోటికే పోతుంది. సచార్ కమిటీ 2006లోనే చెప్పింది, దేశంలో పని చేసే ముస్లిములలో నూటికి 61 మంది సొంత పని మీద బతుకుతున్నారని. సొంత పని అంటే ఏ సొంత పనో మనకు తెలుసు. తోపుడు బండీ సొంత పనే.

బొంబాయి దాదర్‌లో కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బడి పిల్లల చదువుల మీద చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. మిల్లుల్లో, రేవుల్లో పనులు ఇప్పించే బిరాదరీ బంధాలు గట్టిగా ఉన్న కింది కులాల మగపిల్లలు ఆ పనుల వైపే పోయేందుకు మరాఠీ మీడియంలోనే ఉండిపోయారట. అదే ఇళ్లలోని ఆడపిల్లలకు అలాంటి బంధాలేవీ లేవు కాబట్టి ఇంగ్లీషు మీడియానికి మారి ముందుకెళ్లారట. చదివినప్పుడు మన ఇళ్లే కనిపించాయి. భాయ్‌జాన్ షెడ్డులో, ఆపా డిగ్రీలో. అయితే మన ఆపా కథ డిగ్రీ దగ్గరే ఆగుతుంది. దాని సంగతి తర్వాత చెబుతా.

మన తకలీఫ్ ఏమిటంటే, మన పహచాన్ అంతా ఒకే గిన్నెలో ఉంది. మామూకి తెలిసినవాళ్లే చిచ్చాకి తెలుసు, చిచ్చాకి తెలిసినవాళ్లే మసీదు సదర్ సాబ్‌కి తెలుసు. అందరికీ తెలిసిన ఖబర్ ఒకటే. అమెరికాలో బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి 1970ల్లో ఒక లెక్క తీశాడు. మనుషుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో నూటికి 83 మందికి ఆ ఖబర్ ఇచ్చింది రోజూ కలిసే దోస్తులు కాదు. అప్పుడప్పుడు, ఎప్పుడో ఒకసారి కలిసే మామూలు పరిచయస్తులు. కారణం సీదా. రోజూ కలిసేవాడికి నాకు తెలిసిందే తెలుసు. దూరపు మనిషికి వేరే వీధి ఖబర్ తెలుసు.

మిర్చి యార్డు సంగతి చూడండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు గాలి పీలిస్తే తుమ్ములే. ఆ టిక్కీలు మోసే హమాలీల్లో మనోళ్లున్నారు, ముచ్చికలు తీసే కూలి ఆడవాళ్లలో మన అమ్మీలున్నారు, ఆటోలు, ట్రాలీలు నడిపేవాళ్లున్నారు. అదే మిర్చి దేశాలు దాటి పోవాలంటే ల్యాబు రిపోర్టు కావాలి. స్పైసెస్ బోర్డుకు గుంటూరులోనే నాణ్యత పరీక్షల ల్యాబ్ ఉంది. అఫ్లటాక్సిన్, సూడాన్ రంగులు, పురుగుమందుల అవశేషాలు చూస్తారు. పొగాకు బోర్డు హెడ్డాఫీసు మన ఊళ్లోనే. 334 రకం మిర్చి పుట్టిన లాం ఫారం ఊరి అంచునే. మన పిల్లలు బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, హైదరాబాద్ పోయి అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సుకు డబ్బు కడతారు. ఆ ల్యాబులో ఏ డిగ్రీ వాళ్లు పని చేస్తారో, అక్కడికి ఎలా చేరారో ఒక్కసారి వెళ్లి అడిగి రమ్మంటే, "లోపలికి రానిస్తారా సార్?" అంటారు.

మా క్లాసులో ఒక బీకాం పిల్లాడు ఉండేవాడు. వాళ్ల అబ్బా పద్దెనిమిదేళ్లుగా యార్డులో ఒకే కమీషన్ షాపు దగ్గర హమాలీ. "ఎక్స్‌పోర్టు కాగితాలు రాసేది ఎవరో మీ అబ్బా షావుకారుని అడుగు. నౌకరీ అడగొద్దు. ఆ పని ఏంటో, ఎవరి దగ్గర నేర్చుకోవచ్చో అడుగు" అన్నా. వారం తిరిగాడు. అడగలేదు. పిల్లాడికి షరమ్ అనుకున్నా. అసలు షరమ్ అబ్బాది. "పద్దెనిమిదేళ్లలో ఆయన ముందు కూర్చుని ఎప్పుడూ మాట్లాడలేదు సార్, బస్తా దింపి పక్కకు జరగడమే" అన్నాడా మనిషి నాతో. ఆయన నిజాయితీ మీద ఆ షాపులో లక్షల సరుకు నడుస్తోంది. ఆయన మాటకు అక్కడ వజన్ ఉంది. ఉందని ఆయనకే తెలియదు.

చివరకు షావుకారుని వదిలేసి గుమాస్తాని అడిగారు. ఆ గుమాస్తా ఇంకొకరి పేరు చెప్పాడు, ఆయన ఇంకొకరి పేరు. మూడో మనిషి ఆఫీసులో ఈ పిల్లాడు సెలవుల్లో రెండు వారాలు కూర్చుని బిల్ ఆఫ్ లేడింగ్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అంటే ఏంటో చూశాడు. ఉద్యోగం వెంటనే రాలేదు. కానీ "ఏం చేద్దామనుకుంటున్నావ్?" అంటే ఇంతకుముందు "ఏదైనా సార్" అనేవాడు. ఇప్పుడు ఒక పని పేరు చెబుతాడు. మూడు ఫోన్ నంబర్లు చెబుతాడు.

మిగతా ఖౌమ్‌లు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టాయి. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో పెట్టారు. దాని వెనకున్నది నిజాం కాలంలో కొత్వాల్‌గా చేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అక్కడ దొరికింది అన్నం, గది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒక గదిలో నలుగురుంటే రేపు ఒకడు లాయరు, ఒకడు తహశీల్దారు, ఒకడు లీడరు. ఆ నలుగురూ ఒకరికొకరు జిందగీ మొత్తం ఫోన్ చేసుకుంటారు. మన గుంటూరులోనే చూడండి. 1946లో పెట్టిన మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన డాక్టర్లు జింకానా అని సంఘం పెట్టుకున్నారు. మన జనరల్ ఆస్పత్రి తల్లీబిడ్డల విభాగం భవనానికి చందాలు పోగుచేసింది వాళ్లే. చదివిన చోటుతో, తోటివాళ్లతో తాల్లుక్ తెగకుండా ఉంచుకుంటే సముద్రం అవతల నుంచి కూడా భవనం లేస్తుంది. మన దగ్గర, పదేళ్ల కింద అదే సందులో ఇంజనీరింగ్ పాసైన పిల్లాడు ఇప్పుడు ఎక్కడున్నాడో వాళ్ల పక్కింటి పిల్లాడికి తెలియదు.

వాళ్లని చూసి కుళ్లుకోవడం లేదు నేను. అక్కడో గట్టి ఎతరాజ్ ఉంది, దాన్ని దాటేయలేను. కులం పేరుతో కట్టిన ఈ గూళ్లే కదా దళితుణ్ణీ, మనల్నీ బయట నిలబెట్టింది? మళ్లీ అదే ఆట మన పిల్లలకు నేర్పుతావా అని ఒక దోస్తు నన్ను నిలదీశాడు. అతని మాటలో సచ్చాయి ఉంది. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ ఒక తజుర్బా అచ్చేశారు. పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే రకం చదువు, అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. పై కులం హిందువు పేరుతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశాల నిష్పత్తి మూడో వంతు దగ్గర ఆగింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ చుట్టుపక్కల పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. మెరిట్ మెరిట్ అనే ఆ మేనేజర్లే ఇంటర్వ్యూలో ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడుగుతామని చెప్పారు.

మన గల్లీలో బుజుర్గులు "కిస్కా బేటా రే తూ?" అంటారు. ఏసీ గదిలో "టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ" అంటారు. రెండూ ఒకే సవాల్. గల్లీలో జవాబు చెబితే చాయ్ దొరుకుతుంది, అక్కడ జవాబు చెబితే తలుపు మూసుకుంటుంది.

ఈ జుల్మ్‌ని షేక్‌హ్యాండుతో పోగొట్టలేం. దానికి కానూన్ కావాలి, రిజర్వేషన్ కావాలి. 2007లో వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం కోసం ఇంకా కోర్టులో నిలబడే ఉండాలి. సచార్ కమిటీ అడిగిన సమాన అవకాశాల కమిషన్ ఏమైందని పార్టీలన్నిటినీ అడుగుతూనే ఉండాలి. నా తఖ్రార్ ఒక్కటే. ఆ పోరాటం ముగిసేదాకా ఈ ఏడాది పాసయ్యే పిల్లాడు ఆగలేడు. కాగితం మీద పేరు చూసి పక్కన పెట్టేవాడి ముందు, "ఈ పిల్లాడు నాకు తెలుసు, పని చూశాను" అనే ఒక్క గొంతు ఉంటే ఆ పేరు వెనక మనిషి కనబడతాడు. ఆ గొంతు మనోడిదే కానక్కర్లేదు. మనోడిది కాకపోతేనే ఎక్కువ పని చేస్తుంది. నేను అడిగేది మనకో గూడు కట్టమని కాదు, గూడు దాటడం నేర్పమని. బ్రాడీపేటలో చౌదరి గారి దగ్గర, అరండల్‌పేటలో ఆడిటర్ శాస్త్రి గారి దగ్గర, దళిత లెక్చరర్ దగ్గర మన పిల్లాడికి ఒక్కో మనిషి ఉండాలి. రేపు మన పిల్లాడు కుర్చీలో కూర్చుంటే మాదిగపల్లె పిల్లాడి ఫోన్ ఎత్తాలి. అది పాఠంలో సగం.

కాలేజీలు ఏం చేస్తున్నాయంటారా? జవహర్ నాలెడ్జ్ సెంటర్లని పెట్టారు. రెజ్యూమె రాయడం, గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూ. మంచివే. కానీ ఆ రెజ్యూమె ఎవరి చేతికి వెళ్లాలో సిలబస్‌లో లేదు. 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, అందులో మొదటిది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కాగితం మీద ఇంతకన్నా మంచి మౌకా ఉంటుందా? పిల్లాడు ఆఫీసులో అడుగుపెట్టక తప్పని నియమం. ఏం జరిగింది? పరిచయాలున్న ఇంటి పిల్లలు బాబాయి ఆడిటాఫీసుకు, పెదనాన్న కోల్డ్ స్టోరేజీకి వెళ్లి నిజంగా నేర్చుకున్నారు. లేనివాళ్లలో చాలామంది ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. రూలు అందరికీ ఒకటే, పహచాన్ ఉన్నవాడికే అది పని చేసింది. ఇంటర్న్‌షిప్‌కి పంపేముందు తలుపు ఎలా తట్టాలో రెండు వారాలు నేర్పి ఉంటే ఆ నియమం పేదవాడికి పనికొచ్చేది.

నేర్పితే వచ్చే విద్యేనా ఇది? వస్తుంది. బోస్టన్‌లోని మాసచుసెట్స్ యూనివర్సిటీలో, ఇంట్లో మొదటిసారి కాలేజీకొచ్చిన పిల్లలకు ఇదే పాఠంగా చెప్పారు. తనకు సాయపడగల పెద్దలెవరో గుర్తించడం, వాళ్లను అడగడం, సంబంధం నిలుపుకోవడం. ఆ క్లాసు తీసుకున్నవాళ్లు సాయం అడగడానికి వెనకాడడం తగ్గిందని, మార్కులు కూడా మెరుగయ్యాయని పరిశోధకులు రాశారు. బోస్టన్ ఎందుకు, మన మర్కజ్ చాలు. మూడు రోజుల జమాత్‌కి వెళ్లొచ్చిన పిల్లాడిని చూడండి. అసర్ తర్వాత గష్త్‌కి బయల్దేరతారు. ఊరు తెలియదు, మనిషి తెలియడు. రహబర్ ముందు నడిచి తలుపు దగ్గరకు తీసుకెళ్తాడు, ముతకల్లిం సలాం చెప్పి, తామెవరో చెప్పి, రెండు నిమిషాల్లో మాట ముగించి, అవతలివాళ్ల వక్త్ ఖరాబ్ చేయకుండా తిరిగొస్తాడు. పదిహేడేళ్ల పిల్లాడు ఇది చేయగలడు. అదే పిల్లాడు ఆఫీసు రిసెప్షన్‌లో అమ్మాయి "ఎవరు కావాలి?" అంటే గొంతు పెగలక వెనక్కొస్తాడు. హునర్ వాడి దగ్గర లేక కాదు. దీన్ని ఇక్కడ కూడా వాడొచ్చని ఎవరూ చెప్పక.

కాబట్టి మదర్సాలో చెప్పినా, ట్యూషన్‌లో చెప్పినా, మసీదు కమిటీ ఆదివారం పెట్టినా పద్ధతి ఇదే. పిల్లాడి చేత కాగితం మీద వాడికి తెలిసిన పెద్దలందరి పేర్లు రాయించండి. టీచరు, ఇంటి ఓనరు, అబ్బా గిరాకీలు, అమ్మీ కుట్టే బట్టల తాలూకు మేడంలు, వార్డు సచివాలయంలో మాట్లాడే మనిషి. ఇరవై దాటవు అనుకుంటాడు, యాభై దాటుతాయి. అందులో ఒక్కరిని పావుగంట వక్త్ అడగమనండి. అడగాల్సింది "మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు?" అని. నౌకరీ అడిగితే మనిషి ముడుచుకుంటాడు, తన కథ అడిగితే పావుగంట కాస్తా గంటవుతుంది. లేచేముందు "ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" అనాలి. ఆ రాత్రి షుక్రియా మెసేజ్. ఇక్కడితో ఆపేస్తారు అందరూ. అసలు పని రెండు నెలల తర్వాత ఉంది. "మీరు చెప్పిన పుస్తకం చదివా, ఇంత అర్థమైంది" అని మళ్లీ ఖబర్ ఇవ్వాలి. పండక్కి ముబారక్‌బాద్ చెప్పాలి, వాళ్ల సంక్రాంతికి, క్రిస్మస్‌కి కూడా. ఇంట్లో మయ్యత్ అయితే పోయి నిలబడాలి. మిజాజ్‌పుర్సీ, తాజియత్, ముబారక్‌బాద్ అన్నీ మన తహజీబ్‌లో ఉన్నవే. మన ఇంట్లో ఐదేళ్ల పిల్లాడికి దావత్‌లో ఎదురైన ప్రతి పెద్దమనిషికి సలాం చెప్పమని నేర్పుతాం. పదిహేనేళ్లొచ్చేసరికి ఫోన్‌లో తల దించుకుని కూర్చుంటే ఊరుకుంటాం.

ఇంకో సంగతి. తీసుకునేవాడిగానే ఉంటే పిల్లాడికి ఇజ్జత్ ఉండదు, వాడే తప్పుకుంటాడు. వాడి దగ్గర కూడా ఇచ్చేది ఉంది. షావుకారు ఫోన్‌లో యాప్ వేసిపెట్టగలడు, ఆడిటర్ గారి అమ్మాయికి ఉర్దూ అక్షరాలు చెప్పగలడు, తన కింద క్లాసు పిల్లలకు దారి చూపించగలడు. లేనివాడి చేత కూడా ఇప్పించడం నేర్పాలి.

ఇక ఆపా సంగతి. మన ఆడపిల్లలు చదువుల్లో మగపిల్లల్ని దాటేశారు, నా క్లాసులోనే కళ్లారా చూస్తున్నా. కానీ వాళ్ల కాగితం మీద పేర్లు రాయమంటే ఖాలా, ఫుప్పూ, క్లాస్‌మేట్లు, అంతే. మగ సార్ నంబరుంటే ఇంట్లో రాద్ధాంతం. నేను పర్దా మీద బహస్ పెట్టడానికి రాలేదు. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా షామ్ దాకా సరుకు పంపిన తాజిరా. ఎవరి అమానత్ ఎలాంటిదో నలుగురి ద్వారా కనుక్కుని మరీ తన వ్యాపారం అప్పగించిన మనిషి. రసూలుల్లా ముందు ఆమె సరుకు తీసుకెళ్లే పనిలోనే ఆమెకు పరిచయమయ్యారు. ఆమెకు బజార్ ఖబర్ ఉండొచ్చుగానీ మీ అమ్మాయికి ఉండకూడదా? మగవాళ్లతో వద్దంటే సరే, ఈ ఊళ్లో మహిళా డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, లెక్చరర్లు, నర్సింగ్ సూపరింటెండెంట్లు ఎంతమంది లేరు! వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. వాళ్లని మన అమ్మాయిల ముందు కూర్చోబెట్టిన జల్సా ఒక్కటైనా చూపించండి.

కిందటేడు డిగ్రీ అయిపోయిన ఒకమ్మాయికి ఒక మహిళా చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడించాలని ఇంటికి ఫోన్ చేశా. అబ్బా ఫోన్ ఎత్తి "చూద్దాం సార్" అన్నాడు. చూద్దాం అంటే కాదని. అరగంటలో అమ్మీ తిరిగి ఫోన్ చేసింది. "ఆ మేడం పేరేంటి, ఆఫీసు ఎక్కడ, పిల్లలెంతమంది? నంబరివ్వండి సార్, ముందు నేను మాట్లాడతా" అంది. మాట్లాడింది. కూతురిని తనే ఆటోలో తీసుకెళ్లింది, మూడుసార్లు.

ఆ తల్లి టైలరింగ్ చేస్తుంది. మొహల్లాలో చిట్టీ నడుపుతుంది. ఎవరి మాట నమ్మొచ్చో, ఎవరి దగ్గర ఏ రోజు ఏం అడగాలో, ఇచ్చిన మాట ఎలా నిలుపుకోవాలో మా కాలేజీ స్టాఫ్ అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. కమిటీ పెద్దలూ, ఈ క్లాసు మొదలుపెట్టాలని ఉంటే మొదటి మీటింగ్ అలాంటి అమ్మీలతో పెట్టండి. చాయ్ మనం అందిద్దాం.